సముద్రం బండి

ఆ ఎండాకాలం మొదట్లో మా బండికి తాబేలు బొమ్మ ఎక్కింది. అంతకు ముందు వారం దాకా అదే చోట చీరల దుకాణం ఫ్లెక్సీ ఉండేది. మార్కాపురంలో మైకు సెట్టూ మినీ వ్యానూ అద్దెకిచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, వాటితో పాటు గొంతు కూడా ఇచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆషాఢం డిస్కౌంటు, కంటి వైద్య శిబిరం, తప్పిపోయిన బర్రె, ఎన్నికలప్పుడు ముందుగా పిలిచిన పార్టీ, ఏదైనా సరే ఊరంతా తిరిగి చెప్పడం నా పని. ఆడగొంతు కావాలంటే మా ఆవిడ షాయిస్తా చెప్పేది. బయటి చప్పుడు రాకుండా వెనక గదికి దుప్పట్లు కట్టి రికార్డు చేసేవాళ్ళం. బంగారం కొట్టువాళ్ళ ప్రకటన ఆమె గొంతులో వినీ వినీ బడిపిల్లలు కూడా ఆ మాటలు అప్పజెప్పేవాళ్ళు. ఆ గొంతు ఎవరిదో మాత్రం బయట ఎవరికీ తెలియదు. మా అమ్మీ షమీమ్‌కి అదే ఇష్టం.

యామిని మేడం ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. ఎండకు కమిలిన మొహం, భుజాన బరువైన సంచి. సముద్రం గురించి జనానికి చెప్పాలి, వానలు పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెలు తిరగాలి, బండీ మైకూ కావాలంది. అడ్రసు తప్పి వచ్చిందేమో అనుకున్నాను. ఇక్కడ తాగే నీళ్ళకే ట్యాంకరు దగ్గర బిందెలు వరసన పెడతారు. సముద్రంతో మాకేం పని అని అడిగాను.

"గుండ్లకమ్మ ఎక్కడ పుడుతుందండీ?" అంది.

నల్లమలలో అన్నాను. కంభం చెరువు నిండి, మా మార్కాపురం పక్కగా పోతుందని కూడా చెప్పాను.

"తర్వాత ఎక్కడికి పోతుంది?"

నలభై ఏళ్ళ వయసులో ఆ ప్రశ్న ఎప్పుడూ నాకు తోచలేదు. కిందికి పోతుంది అన్నాను.

"మా ఊరికి వస్తుంది ఫిరోజ్ గారూ. మా నాన్న వేటకు పోతాడు. వరద వచ్చి తగ్గిన వారం ఆయన వలలో చేపల కంటే ముందు పాలిథిన్ సంచులు పడతాయి. కొన్నిటి మీద మార్కాపురం దుకాణాల పేర్లు ఉంటాయి."

ఆ సంచుల మీది పేర్లలో సగం నేను మైకులో పలికినవే అయ్యుంటాయి. బండి మాట్లాడుకున్నాం.

మొదటి ప్రదర్శన కంభంలో, సాయంత్రం పూట, బస్టాండుకు కొంచెం దూరంగా పెట్టాం. బండి వెనక తలుపు దించితే చిన్న వేదికలాగా ఉంటుంది. అక్కడ తాబేలు బొమ్మ, గవ్వలు, సీసాలో సముద్రపు నీళ్ళు, పెద్ద టీవీ. నేను మైకులో పిలిస్తే జనం బాగానే పోగయ్యారు. ఆ తర్వాత మేడం మాట్లాడింది. తీర పర్యావరణ వ్యవస్థ అంది, జీవవైవిధ్యం అంది, కర్బన ఉద్గారాలు అంది. ఒక్క మాటా తప్పు లేదు, ఒక్క మాటా ఎవరికీ చేరలేదు. ముందు పిల్లలు పోయారు, వాళ్ళ కోసం తల్లులు పోయారు. చివరికి చేతికర్ర మీద ఆనుకుని ఒక తాత మిగిలాడు. ఆయన ఎంతో ఓపికగా అంతా విని, ఆధార్ కార్డు జిరాక్సు ఎక్కడ ఇవ్వాలమ్మా అని అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు మేడం తన ప్రసంగం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని సర్దుతూ కూర్చుంది. తోకపల్లి దాటాక, నేను మాట్లాడింది వాళ్ళకు అర్థం కాలేదు కదా అని తనే అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆ కాగితాలు ఒకసారి ఇవ్వండి మేడం, మా ఇంట్లో చూపిస్తానన్నాను.

షాయిస్తా డిగ్రీలో జువాలజీ చదివింది. పెళ్ళయ్యాక ఆ పుస్తకాలు అటక మీదికి వెళ్ళాయి. ఆ కాగితాలను అన్నం తినకుండా చదివింది. మధ్యమధ్యలో పెన్సిలుతో గీతలు పెట్టింది.

"ఇది చదువుకునేదానికి రాసినారు. చెవితో వినేదానికి కాదు," అంది. "చెవికి వెనక్కి తిరిగి చూసుకునే వీలు ఉండదు కదా. ఒక మాట అర్థం కాకపోతే ఆడే ఆగిపోతాది."

మర్నాడు పొద్దున మేడం మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ వంటింటి గడప దగ్గర కూర్చుని ఒక్కో వాక్యం మీద వాదులాడుకున్నారు. భూమ్మీద పుట్టే ప్రాణవాయువులో ఇంచుమించు సగం సముద్రంలో ఉండే కంటికి కనపడని పచ్చటి జీవాల నుంచి పుడుతుందని కాగితంలో ఉంది. షాయిస్తా దాన్ని మార్చింది: రెండుసార్లు ఊపిరి పీల్చండి, ఒకటి చెట్లిచ్చింది, ఒకటి సముద్రమిచ్చింది. నాకైతే ఒళ్ళు పులకరించింది. మేడం ఒప్పుకోలేదు. మాట అందంగా ఉంది గాని నిజం అంత సులువుగా లేదట. సముద్రంలో పుట్టే ప్రాణవాయువును చాలావరకు సముద్రమే వాడుకుంటుందట. షాయిస్తా మొహం చిన్నబోయింది. అయినా ఆ వాక్యాన్ని కొట్టేసింది. ఇంకొక చోట మేడమే తగ్గింది. "కర్బన ఉద్గారాలు" పోయి "మనం కాల్చే డీజిలు, బొగ్గు పొగ" వచ్చింది. మధ్యాహ్నానికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు అక్కా, షాయిస్తా అని పిలుచుకుంటున్నారు.

ఆ రికార్డింగుతో తర్లుపాడు వైపు ఒక పల్లెకు వెళ్ళాం. జనం నిలబడ్డారు. చివరిదాకా నిలబడ్డారు. కాని రికార్డింగు అయిపోయాక అడగడం మొదలుపెట్టారు. చేప నీళ్ళు తాగుతుందా, సముద్రానికి ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది, తుఫాన్లకు పేర్లు ఎవరు పెడతారు. మేడం జవాబులు చెబుతుంటే మళ్ళీ పెద్ద మాటలు వచ్చేశాయి. రికార్డింగేమో జవాబు చెప్పలేదు. ఆ రోజే మేడం అడిగింది, షాయిస్తా బండిలో వస్తే బాగుంటుందని.

అమ్మీ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. గట్టిగా వద్దనలేదు. గొంతు ఊరంతా తిరిగితే నష్టం లేదు గాని, మనిషి పది మందిలో నిలబడితే తలా ఒక మాట అంటారని ఆవిడ భయం. మా నాన్న పోయాక దుకాణంలో కూర్చుని గాజులు అమ్మిన మనిషి ఆవిడ. తలా ఒక మాట అంటే ఏమిటో ఆవిడకు తెలుసు. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. షాయిస్తా ముందు క్యాబిన్లో కూర్చుంటుంది. అద్దాలకు తెరలు. మైకు లోపల, మాట బయట.

ఆ నెలా, తర్వాతి నెలా బాగా గడిచాయి. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో అన్ని రోజులు మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేయలేదు. పొద్దున్నే బయలుదేరి ఎండ ముదరక ముందే ఊరు చేరేవాళ్ళం. మధ్యాహ్నం ఏ బడి వరండాలోనో ఫ్యాను కింద పడుకునేవాళ్ళం. దారిలో మేడం చెప్పేది, షాయిస్తా అడిగేది, నేను బండి తోలుతూ వినేవాణ్ణి. ఆడ తాబేలు పుట్టిన తీరానికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుందని విని షాయిస్తా దాన్ని మళ్ళీ చెప్పించుకుంది. ఆ సాయంత్రం దాని గురించి ఎంత బాగా చెప్పిందంటే, అనుమలవీడు వైపు ఒక పల్లెలో ఆడవాళ్ళు సీరియల్ టైము మరిచిపోయారు. గొంతు ఎక్కడి నుంచి వస్తుందో తెలియక పిల్లలు తాబేలు బొమ్మ నోట్లో వేలు పెట్టి చూశారు. సముద్రం బండి అని పేరు పడిపోయింది. ఫలానా ఊరికి సముద్రం బండి వచ్చి పోయింది, మా ఊరికి ఎప్పుడు వస్తుందని ఫోన్లు.

ఒక రోజు పలకరాయి క్వారీ పక్కగా పోతుంటే మేడం బండి ఆపించింది. మా ప్రాంతంలో పలకల గుట్టల వైపు ఎవరూ తల తిప్పి చూడరు. ఆవిడ మాత్రం ఆ రాళ్ళ మధ్య ఎండలో గొంతుకూర్చుని ఒక పలక చేతిలోకి తీసుకుంది. దాని మీద సన్నటి అలల్లాంటి గీతలు, ఏటి ఒడ్డున ఇసుక మీద గాలి గీసినట్టు. అక్కడ పనిచేస్తున్న పెద్దన్న అనే ఆయన, ఇట్లాంటియి పాలిష్‌కు పనికిరావమ్మా, పక్కన పారేస్తాం అన్నాడు. మేడం అది తనకివ్వమని అడిగి తీసుకుంది. మార్కాపురం పలక ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద అని చెప్పింది. నూరు కోట్ల ఏళ్ళకు ముందు ఈ నేల మీద సముద్రం ఉండేది. ఆ బురద బరువుకు అణిగి, వేడికి గట్టిపడి రాయైంది. ఆ గీతలు అప్పటి నీళ్ళ కదలిక. పెద్దన్న ఆ పలకను తిరిగి తీసుకుని, ఎండకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు ఇదే రాయి మీద అ, ఆలు దిద్దినామే అన్నాడు, తనలో తాను.

అప్పటి నుంచి ఆ పలక కూడా ప్రదర్శనలో చేరింది. తాబేలు కంటే దానికే ఎక్కువమంది మూగేవాళ్ళు. అది తమది కాబట్టి.

గొడవ ఆ పలకతోనే మొదలైంది. నరేష్ అని మార్కాపురంలో యూట్యూబ్ ఛానల్ నడిపే కుర్రవాడు, నాకు తెలిసినవాడే, ఒక సాయంత్రం వచ్చి మేడం మాటలు వీడియో తీసుకున్నాడు. ఈ నేల మీద సముద్రం ఉండేదని ఆవిడ చెప్పింది. వేరొక ప్రశ్నకు, సముద్రమట్టం పెరుగుతోంది, తీరంలో ఊళ్ళు ఇప్పటికే కోసుకుపోతున్నాయని చెప్పింది. నరేష్ ఆ రెండూ పక్కపక్కన అతికించి, పైన ఎర్ర అక్షరాలతో "మార్కాపురాన్ని మళ్ళీ ముంచనున్న సముద్రం?" అని పెట్టాడు. చివర ప్రశ్న గుర్తు ఉంది కదన్నా అని తర్వాత నాతో వాదించాడు. ఆ గుర్తు ఎవరూ చూడలేదు. వీడియో కనిగిరి దాకా, పామూరు దాకా పాకిపోయింది. పొలం అమ్మేయమంటారా అని ఒకాయన నాకు ఫోను చేశాడు. కొనేవాణ్ణి వెతికిపెట్టమని ఇంకొకాయన నవ్వుతూ చేశాడు. మండలాఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడ మర్యాదగానే మాట్లాడారు గాని, జనం కుదుటపడేదాకా కార్యక్రమాలు ఆపమన్నారు. మేడం పైఅధికారి కూడా ఫోనులో, వెనక్కి వచ్చేయ్ అమ్మా, వచ్చే ఏడాది చూద్దామన్నాడట.

ఆ మధ్యాహ్నం మేడం మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు షాయిస్తా," అంది. "రెండూ నిజాలే. రెండు నిజాలు కలిపితే అబద్ధం అయింది."

అమ్మీ పక్కనే చాటలో కందులు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది, "నూరు కోట్ల ఏండ్లంటే ఎంతమ్మా? నాకు నూరేండ్లంటే తెలుసు. మా అమ్మ వాళ్ళమ్మ, మా నానీ, తొంభై బతికింది. కోటి అంటే నాకు దుడ్లే గుర్తుకొస్తాయి, కాలం గుర్తుకు రాదు. వాళ్ళకీ అంతే. ఎప్పుడో ఉండిందంటే నిన్ననో మొన్ననో అనుకుంటారు."

షాయిస్తా చాటలోకి చూస్తోంది. ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. అక్కా, ఇది వెయ్యేండ్లనుకుంటే నూరు కోట్లకు ఎన్ని గింజలు అని అడిగింది. పది లక్షలు అంది మేడం. పది లక్షల గింజలు ఎంత బరువుంటాయి? నేను కొట్టుకు పోయి చిన్న తక్కెడ తెచ్చాను. కాసిని గింజలు లెక్కపెట్టి తూచారు, ఫోనులో గుణించారు, మళ్ళీ తూచారు. ఇంచుమించు ఒక క్వింటా. రైతు ఇంట్లో ఉండే కందుల బస్తా. పలక వయసు దానికంటే ఎక్కువ కాబట్టి, బస్తాన్నర అనుకోవచ్చంది మేడం. అప్పటికి అన్నం చల్లారిపోయింది. అయినా కలుపుకుని తిన్నది.

రెండు రోజులకు గిద్దలూరు దారిలో ఒక పల్లె నుంచి పిలుపు వచ్చింది. కార్యక్రమానికి కాదు. మీరే వచ్చి జవాబు చెప్పండి, మా ఊళ్ళో ముసలోళ్ళు నిద్రపోవడం లేదు అని ఆ ఊరి పుల్లయ్య అనే పెద్దరైతు ఫోను చేశాడు. మండలాఫీసుకు చెప్పాం. భయం పోగొట్టేదానికైతే వెళ్ళండి అన్నారు. ఆ రోజు అమ్మీ కూడా వస్తానంది. ఎందుకని నేను అడగలేదు. క్యాబిన్లో నా పక్కన షాయిస్తా, తలుపు వైపు అమ్మీ కూర్చున్నారు. మేడం వెనక టార్పాలిన్ నీడలో బొమ్మల పక్కన కూర్చుంది.

ఊరి మొదట్లో, పాల కేంద్రం ముందర జనం నిలబడి ఉన్నారు. పుల్లయ్య బండికి అడ్డంగా వచ్చాడు. కోపం కంటే వెటకారం ఎక్కువగా ఉంది.

"బోర్లలో నీళ్ళు లేవని మేము ఏడుస్తా ఉంటే, మీరు ఉప్పునీళ్ళు తోలుకొస్తాండారంట," అన్నాడు.

కొందరు నవ్వారు. వెంకటలక్ష్మమ్మ అనే అవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె ఇద్దరు మనవళ్ళను చెరో చేత్తో పట్టుకుని నిలబడింది. మేడం కిందికి దిగి మొదలుపెట్టబోతే, వీడియోలో మాట్లాడింది నువ్వే కదమ్మా, మళ్ళీ నువ్వే చెప్తే ఎట్ల నమ్మేది అన్నారు. అప్పుడు షాయిస్తా క్యాబిన్లోంచి మైకులో మొదలుపెట్టింది. సలాం చెప్పి, అవ్వా, తాతా, భయపడాకండి, సముద్రం మన ఊర్లకు రాదు అంది.

వెంకటలక్ష్మమ్మ మనవళ్ళను వదిలి బండి దగ్గరికి వచ్చింది. తెర కట్టిన అద్దం మీద వేళ్ళతో తట్టింది.

"ఎవరమ్మా లోపల? నీ మాట బాగుంది. మొగం చూపీకుండా చెప్తే ధైర్యం ఎట్ల వచ్చాది నాకు?"

షాయిస్తా మైకు పక్కన పెట్టింది. నా వైపు చూడలేదు, అమ్మీ వైపు చూసింది. అమ్మీ కొంగు సర్దుకుంది. తలుపు తీసుకుని కిందికి దిగి, పక్కకు జరిగి నిలబడింది. తలుపు మూయలేదు.

షాయిస్తా దిగింది. ఎండకు కళ్ళు చికిలించి, అవ్వా, గుప్పెడు కందులు ఉంటే తెస్తావా అని అడిగింది.

చాట నిండా వచ్చాయి. షాయిస్తా ఒక గింజ అవ్వ చేతిలో పెట్టింది. మైకు వాడలేదు. జనం దగ్గరికి జరిగారు.

"ఇది వెయ్యేండ్లనుకో అవ్వా. నువ్వు, మీయమ్మ, వాళ్ళమ్మ, అందరూ ఈ ఒక్క గింజలోనే ఉండారు. కంభం చెరువు కట్టి ఈ గింజలో సగమే అయింది. భూమ్మీద మనుషులు పుట్టిన కాడి నుంచి లెక్కేస్తే ఇదిగో, గుప్పెడు." చాటలోంచి ఒక గుప్పెడు తీసి అవ్వ కొంగులో పోసింది. "మన పలకరాయి సముద్రం అడుగున బురదగా ఉండిన కాడి నుంచి ఇప్పటికి బస్తాన్నర."

"క్వింటా బస్తానా?" అన్నాడు పుల్లయ్య.

"క్వింటా బస్తానే తాతా."

పుల్లయ్య చాటలోకి చూశాడు. జీవితమంతా బస్తాలకెత్తిన మనిషి. లోపల లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత వెటకారం మానేశాడు.

వెంకటలక్ష్మమ్మ కొంగులో గుప్పెడు గింజలు పట్టుకునే, అయితే నా మనవళ్ళు ముసలోళ్ళయ్యేదాకా రాదంటావు అంది. వాళ్ళ మనవళ్ళ కాలానికి కూడా ఇక్కడికి రాదు, మన నేల ఎత్తులో ఉందని షాయిస్తా చెప్పింది. అక్కడితో ఆపితే అందరూ సంతోషంగా ఇంటికి పోయేవాళ్ళు. నేనైతే ఆపేసేవాణ్ణి. ఆమె ఆపలేదు. ఇది గింజల లెక్క, కాని ఇంకో లెక్క ఉంది అంది. ఒడ్డున ఉండే ఊళ్ళ మీదికి సముద్రం వేలెడు వేలెడు ఎక్కుతోంది, అది మన కళ్ళ ముందే, ఒక మనిషి వయసులోనే జరుగుతోందని చెప్పింది. యామిని మేడాన్ని చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. ఈమె చిన్నప్పుడు ఆడుకున్న ఇసుక ఇప్పుడు నీళ్ళ కింద ఉంది, అడగండి అంది. మేడం ఈసారి పెద్ద మాటలు ఏమీ వాడలేదు. తమ ఊళ్ళో వలలు ఆరబెట్టే జాగా ఎలా పోయిందో, నాన్న పడవను ఎంత వెనక్కి లాక్కున్నాడో చెప్పింది. వింటున్నవాళ్ళలో ఒకామె లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది.

మరి మాకేం సంబంధం అని ఎవరో అడిగారు. మన వాన అక్కడి నుంచే బయలుదేరుతుంది, సముద్రం వేడెక్కితే దాని నడక మారుతుందని షాయిస్తా అంది. అప్పుడు పుల్లయ్య, ఆ ఊళ్ళో అందరి మనసులో ఉన్న మాట అడిగాడు.

"అట్లయితే ఇది చెప్పు. ఈ ఏడు వానలు టయానికి పడతాయా? మిరప నారు పోసుకోమంటావా, ఆగమంటావా?"

అందరూ చూస్తున్నారు. పడతాయి అంటే చాలు, ఆమెను నెత్తిన పెట్టుకునేవాళ్ళు.

"తెలియదు తాతా," అంది షాయిస్తా. "ఈ అక్కకు కూడా తెలియదు. వాతావరణమోళ్ళు చెప్పేది వింటా ఉండు. వాళ్ళు కూడా నూటికి ఇన్ని పాళ్ళు అని చెప్తారే గాని ఒట్టు పెట్టరు. కచ్చితంగా తెలుసు అని ఎవరైనా చెప్తే నమ్మాకు."

పుల్లయ్య కాసేపు ఆమెను చూశాడు.

"మైకు బండి మీద వచ్చి తెలియదని చెప్పినోళ్ళను ఇప్పుడే చూస్తాండా," అన్నాడు. అని, టీ తాగి పోండి అన్నాడు.

మేము టీ తాగుతుంటే ఆయనే, పురుగుమందు డబ్బాలు మా వాగులో పారేస్తామమ్మా, ఎండిన వాగే కదా అనుకుంటామని మొదలుపెట్టాడు. వాన వస్తే అవి ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పకుండానే, మాట మధ్యలో ఆగిపోయాడు. తర్వాతి నెలలో అటు పోయినప్పుడు వాళ్ళ మోటారు షెడ్డు పక్కన ఆ డబ్బాలన్నీ రెండు గోతాల్లో కట్టి ఉన్నాయి. ఏం చేయాలో తెలియక ఉంచినాం, మీ మేడాన్ని అడగమన్నాడు. మేడానికి కూడా వెంటనే తెలియలేదు. కనుక్కుని చెప్పడానికి రెండు వారాలు పట్టింది.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు అమ్మీ క్యాబిన్లో నిద్రపోయింది. షాయిస్తా అద్దానికి కట్టిన తెరను విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. గాలి బాగా తగిలింది.

నరేష్‌ను మా ఇంటికి పిలిచాను. తిట్టాలనే పిలిచాను గాని, షాయిస్తా నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆమె అతన్ని కూర్చోబెట్టి గింజల లెక్కంతా మొదటి నుంచి చెప్పింది. మేడం ఒక్క షరతు పెట్టింది, ఎక్కడా కత్తిరించకుండా పెట్టాలని. మొత్తం పెడితే ఎవరూ చూడరక్కా అని గొణిగాడు. పాత వీడియో తీసేసి కొత్తది పెట్టాడు. చూసినవాళ్ళు పాతదాంట్లో సగం కూడా లేరు. కాని ఆ వారంలోనే ముండ్లమూరు వైపు ఒక బడి నుంచి, పిల్లలకు ఈ కందుల లెక్క చెప్పించాలి, ఎప్పుడు వస్తారు అని టీచరు ఫోను చేసింది. మండలాఫీసు మళ్ళీ తిరగమంది. వానలు మొదలయ్యేదాకా తిరిగాం. షాయిస్తా రోజూ బండి ముందు నిలబడే మాట్లాడింది. ఊళ్ళో ఒకరిద్దరు ఏదో అన్నారని నా చెవిన పడింది. అమ్మీ చెవిన కూడా పడే ఉంటుంది. ఇంట్లో ఆ మాట రాలేదు.

సీజను అయిపోయాక మేడం వాళ్ళ సంస్థ షాయిస్తాకు ఉద్యోగం ఇచ్చింది. నెలలో సగం రోజులు కనిగిరి, పామూరు వైపు బళ్ళు, పల్లెలు తిరగాలి. మా బండి కాదు, వాళ్ళ బండి. నేను లేకుండా. ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని మేమిద్దరం ఆలోచిస్తుంటే, ఆ దుప్పట్ల గదిలో ఉన్న సూట్‌కేసు దించమని అమ్మీయే అంది.

మొదటిరోజు బస్టాండుకు ముగ్గురం వెళ్ళాం. రాత్రి కురిసిన వానకు నేల ఇంకా తడిగా ఉంది. షాయిస్తా కిటికీ పక్కన కూర్చుంది. అమ్మీ కింద నిలబడి, మైకు నోటికి మరీ దగ్గర పెట్టాకు, ఉఫ్ ఉఫ్ అంటాదని చెప్పింది. పక్కన బెంచీ మీద పూలబుట్టతో కూర్చున్న ఒకామె, కోడలా, ఆసుపత్రికా అని అమ్మీని అడిగింది.

"పనికి పోతాంది," అంది అమ్మీ.

"ఏం పని?"

అమ్మీ కాస్త ఆలోచించింది. బస్సు కదిలింది. షాయిస్తా చెయ్యి ఊపింది, నేను ఊపాను. అమ్మీ మాత్రం అటు చూడలేదు. బెంచీ మీద చోటు చేసుకుని కూర్చుని, "గుండ్లకమ్మ ఎక్కడికి పోతాదో తెలుసునా నీకు?" అని ఆ పూలామెను అడుగుతోంది. ఇంటికి పోదామని స్టార్టు చేసిన బైకును నేను ఆపేసి, పక్కకు తీసి స్టాండు వేశాను.